విరిగిన ఎముకను అతికించేది ఎవరు?

మా పిన్ని బాత్రూంలో కాలు జారి, పడబోతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది. అరవై రెండేళ్ళ మనిషి, ఒంటి బరువంతా ఆ చేతిమీదే పడింది. పక్కనుంచి చూస్తే మణికట్టు గరిటె మెడలా వంపు తిరిగి ఉంది. ఆసుపత్రిలో మత్తిచ్చి, లాగి సరిచేసి, పిండికట్టు వేశారు. మూడు వారాలకు మళ్ళీ ఎక్స్‌రే తీయించారు. డాక్టరు దాన్ని లైటుకు పెట్టి చూసి, "బాగుందమ్మా, ఇంకో మూడు వారాలు ఇలాగే ఉంచుదాం" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్ని రెండు ఫిల్ములూ నా ఒళ్ళో పడేసింది. "నువ్వే చూడరా. మొదటిరోజు గీత సన్నగా ఉంది. ఇప్పుడు ఇంకా వెడల్పయింది. బాగుందంటాడేంటి ఆయన?" ఎండకు పెట్టి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే, గీత వెడల్పయింది. డాక్టరు చెప్పిందీ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే ఎముక సంగతి సగం అర్థమైనట్టే.

ఎక్స్‌రేలో తెల్లగా పడేది క్యాల్షియం. మూడో వారానికి పిన్ని మణికట్టు సందులో చేరిన సరుకులో ఇంకా క్యాల్షియం పెద్దగా లేదు. అక్కడ ఉన్నది జిగట కణజాలం, కొంత మృదులాస్థి, అంటే చెవి తమ్మె పైన మడతపెడితే వంగే భాగం ఉంటుందే, అలాంటిది. అది ఎక్స్‌రేకు ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. పైగా విరిగినప్పుడు అంచుల్లో కాస్త ఎముక చచ్చిపోతుంది. కొత్తది కట్టే ముందు శరీరం ఆ చచ్చిన అంచుల్ని కొరికి శుభ్రం చేస్తుంది. అందుకే గీత మొదటికన్నా వెడల్పుగా కనపడింది. గోడకు పగులొస్తే మేస్త్రీ సిమెంటు పూసే ముందు వదులు పెచ్చులు రాలగొట్టడా? అదే పని.

మనవాళ్ళు "ఫలానా డాక్టరు ఎముక భలే అతికిస్తాడు" అంటారు. అతికించే డాక్టరు ఎక్కడా లేడు. ప్లేటూ, రాడ్డూ, పిండికట్టూ, వెదురు బద్దలూ ఏవీ ఎముకను అతికించవు. అతికే పని ఎముకదే. వైద్యం చేయగలిగినదల్లా ముక్కల్ని వరసలో నిలబెట్టడం, అక్కడికి రక్తం అందడం ఆగకుండా చూడటం, కదలికను అదుపులో పెట్టడం. ఎముకల వార్డులో జరిగే ప్రతి మంచీ ప్రతి చెడూ చివరికి ఈ రక్తం, కదలికల దగ్గరికే వస్తుంది.

సందులో జరిగే పని

ఎముకను మనం ఎండుకర్రలా ఊహించుకుంటాం గానీ, అది నెత్తురోడే అవయవం. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనపడకుండానే లీటరు, అంతకు మించి కూడా రక్తం తొడలోనే పోగుపడొచ్చు. యాక్సిడెంటులో తొడ విరిగిన మనిషి బీపీ పడిపోవడం అందుకే.

ఆ కారిన రక్తం వృథా కాదు. గంటల్లో గడ్డకట్టి విరిగిన కొసల చుట్టూ ముద్దలా నిలుస్తుంది. దానిలోంచి వెలువడే రసాయనాలు చుట్టుపక్కల కణాలకు కబురు పంపుతాయి. తెల్లకణాలు వచ్చి చెత్త ఎత్తేస్తాయి, కొత్త రక్తనాళాలు మొలకెత్తుతాయి. మొదటివారంలో కనిపించే వాపు, వేడి, సలుపు అన్నీ ఈ పని తాలూకువే. వాపు చూసి కంగారుపడి "రక్తం గడ్డ కట్టింది, పిండేయాలి" అని నూనె పెట్టి గట్టిగా మర్దన చేసేవాళ్ళున్నారు. అంతకన్నా చెరుపు ఇంకోటి లేదు.

రెండో వారం నుంచి ఆ ముద్ద మెత్తని వంతెనగా మారుతుంది. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సందు మధ్యలో ఇంకా రక్తనాళాలు సరిగ్గా చేరలేదు, ఆక్సిజన్ తక్కువ. అలాంటిచోట ఎముక కణాలు బతకలేవు, మృదులాస్థి మాత్రం బతుకుతుంది. అందుకని శరీరం ముందు మృదులాస్థితో సందు నింపుతుంది. తర్వాత రక్తనాళాలు దాన్లోకి చొచ్చుకొస్తాయి, క్యాల్షియం చేరుతుంది, మృదులాస్థి కరిగి ఎముక నిలుస్తుంది. తల్లికడుపులో మన కాళ్ళూ చేతులూ తయారైంది కూడా ఇదే పద్ధతిలో. అక్కడా ముందు మృదులాస్థి నమూనా, తర్వాత ఎముక. అరవై రెండేళ్ళ పిన్ని మణికట్టు గర్భంలో నేర్చుకున్న పాఠాన్ని మళ్ళీ అప్పజెబుతోందన్నమాట.

ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య ఆ వంతెన గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో ఎముక చుట్టూ దూదిపింజలాంటి తెల్లని మబ్బు కనిపిస్తుంది. డాక్టర్లు "కాలస్ వచ్చింది" అనేది దీన్నే. ఇది హడావిడిగా అల్లిన ఎముక, పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి. బరువు మోస్తుంది గానీ అందంగా ఉండదు, చేత్తో తడిమితే బుడిపెలా తగులుతుంది. దాన్ని చెక్కి, వరసలు సరిచేసి, మజ్జకు మళ్ళీ దారి తీయడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఎముకను తినే కణాలు ఒకవైపు, కట్టే కణాలు ఇంకోవైపు. బరువు పడేచోట కడతాయి, పడనిచోట తింటాయి. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పిన సూత్రమిది. పిల్లల్లో ఈ చెక్కుడు ఎంత చురుగ్గా సాగుతుందంటే, కాస్త వంకరగా అతికిన ముంజేయి కూడా రెండేళ్ళలో తిన్నగా అయిపోవచ్చు. అయితే వంకర తిరిగినది సరవుతుంది గానీ, మెలి తిరిగినది సరికాదు.

చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. గుండె కండరం చచ్చిపోతే ఆ చోట మచ్చే మిగులుతుంది. ఎముక మాత్రం మచ్చతో సరిపెట్టుకోదు, మళ్ళీ ఎముకే అవుతుంది. ఒంట్లో ఇలాంటి పనితనం ఉన్న భాగాలు చాలా తక్కువ.

ఎంత కదలాలి?

"కదలకుండా ఉంచాలి" అని అందరికీ తెలుసు. అస్సలు కదలకపోతే ఏమవుతుంది?

స్విస్ పరిశోధకుడు స్టెఫాన్ పెరెన్ దీనికి ఓ లెక్క చెప్పాడు. సందులో మొదట ఏర్పడే మెత్తని కణజాలం తన పొడవుకు రెట్టింపు సాగినా తెగదు. మృదులాస్థి సుమారు 10 శాతం సాగుదలను ఓర్చుకుంటుంది. ఎముక 2 శాతానికే తెగిపోతుంది. అంటే సందు బాగా కదులుతున్నంతకాలం అక్కడ ఎముక పుట్టలేదు. ముందు మెత్తనిది వచ్చి కదలికను తగ్గిస్తుంది, ఆ తగ్గిన కదలికలో మృదులాస్థి నిలుస్తుంది, అది ఇంకా తగ్గిస్తే అప్పుడు ఎముక. ఒక్కో మెట్టూ పై మెట్టుకు చోటు చేస్తుంది. కదలిక మరీ ఎక్కువైతే మెట్లెక్కడం మధ్యలోనే ఆగిపోతుంది.

మరోవైపు, కొద్దిపాటి కదలిక మేలు చేస్తుంది కూడా. ఇంగ్లండులో 1985లో ప్రచురించిన ప్రయోగంలో గొర్రెల కాలి ఎముకలో సందు పెట్టి, రోజుకు 17 నిమిషాలపాటు మిల్లీమీటరు మేర కదిపారు. కదపని వాటికన్నా ఇవి బాగా అతుక్కున్నాయి. పిండికట్టులోనూ, ఎముక మజ్జలోంచి దించే రాడ్డుతోనూ కాలస్ దిట్టంగా రావడానికి కారణం ఇదే. వాటిలో చిటికెడు కదలిక మిగిలి ఉంటుంది.

ప్లేటు వేసి స్క్రూలతో రెండు కొసలనూ గట్టిగా నొక్కి బిగించారనుకోండి, కథ మారిపోతుంది. సందూ లేదు, కదలికా లేదు. అప్పుడు కాలస్ రాదు. ఎముకను తినే కణాలు గీతను దాటుతూ సన్నని సొరంగాలు తవ్వుతాయి, వాటి వెనకే కట్టే కణాలు పూడ్చుకుంటూ పోతాయి. నెమ్మదైన పని. కీలులోకి దిగిన పగుళ్ళకు ఈ పద్ధతే కావాలి, ఎందుకంటే అక్కడ బుడిపె వస్తే కీలు అరిగిపోతుంది. ఇలా గట్టిగా బిగించినచోట మూడు నెలలకు కాలస్ గుబురుగా కనిపిస్తే డాక్టరు మొహం చిట్లిస్తాడు, ప్లేటు వదులైందేమోనని అనుమానం. పిండికట్టులో శుభవార్త అయినదే ఇక్కడ హెచ్చరిక అవుతుంది. ముక్కలుముక్కలైన తొడ ఎముకకు ప్లేటును వంతెనలా పైపైన వేసినప్పుడు మాత్రం కాలస్ రావాలనే కోరుకుంటారు. అందుకే పక్కింటాయన ఎక్స్‌రేతో మన ఎక్స్‌రే పోల్చుకోవడం దండగ.

రక్తం దారి

ఒంట్లో ఎముకలన్నిటికీ రక్తం ఒకేలా అందదు. మణికట్టులో బొటనవేలి కింద జీడిపప్పు ఆకారంలో ఓ చిన్న ఎముక ఉంది, పేరు స్కాఫాయిడ్. దానికి రక్తం వేళ్ళవైపు కొసనుంచి వెనక్కి వస్తుంది. ఆ ఎముక నడిమికి విరిగిందంటే వెనకముక్కకు సరఫరా తెగిపోతుంది, అది అతకడం మానేసి ఎండిపోవచ్చు. పైగా ఇది మొదటిరోజు ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదు. బైకుమీంచి పడి చెయ్యి ఆనించిన కుర్రాడు "బెణికిందంతే" అనుకుని బామ్ రాసుకుంటాడు. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో తాళ్ళలా లేచే రెండు స్నాయువుల మధ్య గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగున్నా కట్టు వేసి పది, పన్నెండు రోజులకు మళ్ళీ తీయడమో, ఎంఆర్ఐ తీయడమో సరైన పని.

తుంటి దగ్గర తొడ ఎముక మెడదీ ఇదే బాధ. అక్కడ విరిగి పక్కకు తొలిగితే బంతిలాంటి తలకు రక్తం అందదు. అందుకే పెద్దవయసువాళ్ళలో దాన్ని అతికించే ప్రయత్నం చేయకుండా ఏకంగా మార్చేస్తారు. ఇక మోకాలి కింద ఎముక ముందువైపు కండే లేదు, చర్మం కిందే ఎముక. కండలేనిచోట రక్తం తక్కువ. తొడ ఎముక అతికినంత నమ్మకంగా ఇది అతకదు, ఆలస్యాలకు పెట్టింది పేరు.

కట్టు, రాడ్డు, చక్రం

విరిగినచోట బద్దలు కట్టడం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహితలో ఎముక విరగడాన్ని పన్నెండు రకాలుగా, కీళ్ళు తొలగడాన్ని ఆరు రకాలుగా చెప్పి, వెదురూ చెట్టుబెరడూ వాడమన్నారు. ఇప్పుడు మనం వేయించుకునే పిండికట్టును 1850ల మొదట్లో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మథైసెన్ తెచ్చాడు. గుడ్డకు ప్లాస్టర్ పొడి పట్టించి, తడిపి చుట్టడం.

లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడి కథ నాకు ఇష్టం. ఆయన తండ్రి, తాతలు కట్టుకట్టేవాళ్ళు, అంటే అచ్చం మన నాటువైద్యుల్లాంటివాళ్ళు. ఆ ఇంటినుంచి వైద్యవిద్య చదివిన ఆయన తొడను లాగి పట్టి ఉంచే ఇనుపచట్రం ఒకటి చేశాడు. బతికున్నంతకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల్లో 80 శాతం దాకా చనిపోతుంటే, ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ ఆ చట్రాన్ని యుద్ధభూమికి తెప్పించాడు. మరణాలు 20 శాతం లోపుకు పడిపోయాయి. చట్రం ఏ ఎముకనూ అతికించలేదు. కొసలు కదిలి కండను కోయకుండా, లోపల రక్తం కారకుండా ఆపింది.

రాడ్డు సంగతి చూస్తే, జర్మనీలో గెర్హార్డ్ కుంచర్ 1939లో తొడ ఎముక మజ్జలోకి ఉక్కుకడ్డీ దించాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లకు పట్టుబడ్డ సైనికులు ఇళ్ళకు తిరిగొచ్చాక, తొడలో కడ్డీలతో నడుస్తున్నవాళ్ళ ఎక్స్‌రేలు చూసి మిత్రదేశాల డాక్టర్లు నోరెళ్ళబెట్టారు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో కూడా తొడ విరిగితే రాడ్డే వేస్తారు. అప్పట్లో నెలల తరబడి కాలికి బరువులు వేలాడదీసుకుని మంచంమీద పడి ఉండేవాళ్ళు, ఇప్పుడు కొద్దిరోజుల్లో వాకర్ పట్టుకుంటున్నారు.

ఎముక శక్తి ఎంతదో తేటతెల్లం చేసింది మాత్రం సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో పనిచేసిన గవ్రీల్ ఇలిజరోవ్. సైకిలు చక్రాల్లాంటి ఇనుపరింగులు, వాటి మధ్య బిగుతుగా లాగిన తీగలు, ఆ తీగలు ఎముకలోంచి దూరి వెళతాయి. రింగులను దగ్గరకు నొక్కి ఎముక అతికేలా చేయడం ఆయన మొదటి ఆలోచన. ఓ రోగి పొరపాటున నట్టు అటువైపు తిప్పి రింగులను దూరం జరిపాడనీ, చూస్తే ఆ సందులో కొత్త ఎముక పుట్టిందనీ చెబుతారు. రోజుకు ఒక మిల్లీమీటరు, అదీ నాలుగు విడతలుగా పావు మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే ఎముక వెంట కండ, నరాలు, చర్మం కూడా పెరుగుతాయని తేలింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ స్వర్ణం గెలిచిన వాలెరీ బ్రూమెల్ మరుసటి ఏడు మోటారుసైకిలు ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకుని, ఎన్నో ఆపరేషన్లు విఫలమయ్యాక, ఈయన దగ్గరికొచ్చే కోలుకున్నాడు. ఎముక పోయి నాలుగైదు సెంటీమీటర్లు కురచైన కాలును ఇప్పుడు మన నగరాల్లోనూ ఇదే పద్ధతిలో పొడుగు చేస్తున్నారు. నెలల తరబడి రింగులతో బతకడం మాత్రం నరకమే, దాన్ని తేలిగ్గా చెప్పే డాక్టరును నమ్మకండి.

బిగుతు కట్టు

పుత్తూరు కట్టు గురించి చెప్పకుండా తెలుగులో ఎముకల మాట పూర్తికాదు. తిరుపతి జిల్లా పుత్తూరు పక్కన రాచపాలెంలో తరాలుగా కడుతున్న కట్టు అది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా వచ్చేవాళ్ళున్నారు. ఆ పేరుతో ఊరూరా బోర్డులున్నాయి, వాటికీ అసలు ఊరికీ సంబంధం ఉండాలనేం లేదు.

ఈ కట్లతో చాలామందికి నయమవుతుంది. అందులో వింత లేదు, అబద్ధమూ లేదు. ముక్కలు తొలగకుండా, చర్మం చిట్లకుండా విరిగిన ఎముకకు ఆసుపత్రిలోనూ చేసేది కదలకుండా కట్టడమే. పసరుకన్నా బద్దల పనే అక్కడ ఎక్కువ. చిక్కంతా మిగతావాటి దగ్గర. ఎక్స్‌రే లేకుండా ముక్క తొలిగిందో లేదో, కీలులోకి దిగిందో లేదో చేతి వేళ్ళకు తెలియదు. అంతకన్నా పెద్ద ప్రమాదం బిగుతు.

చేతిలోనూ కాలిలోనూ కండరాలు సాగని పొరల మధ్య అరల్లో ఉంటాయి. ఎముక విరిగాక మొదటి రెండు రోజులు ఆ అరలో వాపు పెరుగుతూనే ఉంటుంది. పైన బిగుతుగా కట్టేసి ఉంటే, ఒక్కోసారి కట్టు లేకపోయినా సరే, లోపలి ఒత్తిడి సన్నని రక్తనాళాల్ని నొక్కేస్తుంది. కండరానికి రక్తం ఆగితే కొన్ని గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోల్క్‌మాన్ 1881లో వర్ణించిన ముడుచుకుపోయిన చెయ్యి దీని ఫలితమే. వేళ్ళు పక్షిగోళ్ళలా వంకరపోయి, జీవితాంతం అలాగే ఉండిపోతాయి. మామిడిచెట్టు మీంచో, మంచం మీంచో పడి మోచేతి పైన ఎముక విరిగిన ఐదారేళ్ళ పిల్లల్లో ఈ భయం ఎక్కువ. ఆ చోట చేతి ప్రధాన రక్తనాళం ఎముకకు ఆనుకునే పోతుంది.

గుర్తుపట్టడం ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే ఉంది. కట్టు వేశాక నొప్పి తగ్గాలి. మాత్ర వేసినా గంటగంటకూ పెరుగుతూ, బిడ్డ ఊరుకోకుండా ఏడుస్తుంటే అనుమానించాలి. వేళ్ళను మెల్లగా పట్టుకుని చాపి చూడండి. గిలగిలలాడితే ఆలస్యం చేయొద్దు. తిమ్మిరి, వేళ్ళు పాలిపోవడం తర్వాత వస్తాయి. నాడి కొట్టుకుంటోంది కదా అని ధైర్యపడటానికి లేదు, చివరిదాకా కొట్టుకుంటూనే ఉండొచ్చు. చేయాల్సింది ఒకటే: ఆ కట్టు ఎవరు వేసినదైనా, నాటుదైనా కార్పొరేటుదైనా, అర్ధరాత్రయినా సరే చర్మం కనపడేదాకా విప్పించడం. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ చేసి పొరల్ని చీల్చి ఒత్తిడి తీసేస్తారు. "పొద్దున్నే చూద్దాంలే, కొత్త కట్టు కదా, సలపదూ మరి" అన్న ఒక్కమాటతో చేతులు పోయాయి.

దెబ్బ తగిలిన నిమిషంలోనే ఉంగరాలు, గాజులు, కాలికైతే మెట్టెలు తీసేయాలి. వాపొచ్చాక అవి రావు.

మిగతా ప్రమాదాలు

చర్మం చీలి ఎముక బయటికొచ్చినా, పైన చిన్న గాటే ఉన్నా, బయటి గాలి ఎముకకు తగిలిందంటే అది వేరే జబ్బు కింద లెక్క. పసుపు, కాఫీపొడి అద్దకూడదు, ఎముకను లోపలికి తోయకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి, అట్టముక్కో మడిచిన న్యూస్‌పేపరో దన్నుగా కట్టి, 108కి ఫోన్ చేయాలి. యాంటీబయాటిక్ ఎంత త్వరగా ఒంట్లోకి వెళితే అంత మంచిది, టీటీ ఇంజక్షన్ కూడా. తర్వాత థియేటర్‌లో సెలైన్‌తో కడిగి చచ్చిన కండ తీసేస్తారు. ఎముకలో చీము చేరిందంటే అది ఏళ్ళ తరబడి మానుతూ తిరగబెడుతూ ఉంటుంది.

తొడ ఎముక విరిగిన కుర్రాడు ఒకటి రెండు రోజులు బాగానే ఉండి హఠాత్తుగా ఆయాసపడుతూ, పొంతనలేకుండా మాట్లాడుతుంటే, ఛాతీమీద చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే, మజ్జలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. ఐసీయూ కేసు అది. పెద్దవాళ్ళలో కదలిక లేక కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి పైకి ఎగబాకే ప్రమాదం ఇంకోటి.

అతకని ఎముక

తొమ్మిది నెలలైనా అతకలేదు, చివరి మూడు నెలల ఎక్స్‌రేల్లో మార్పేమీ లేదు అంటే దాన్ని అతకనిదిగా లెక్కేస్తారు. ఇక్కడ ఎక్స్‌రే భలే కథ చెబుతుంది. కొన్నిటిలో కొసలు ఏనుగు పాదంలా వెడల్పుగా ఉబ్బి ఉంటాయి, మధ్యలో గీత మాత్రం అలాగే ఉంటుంది. రక్తం ఉంది, ప్రయత్నం ఉంది, కదలిక ఎక్కువై అతకలేకపోతోంది. గట్టి రాడ్డో ప్లేటో వేసి బిగిస్తే చాలు, తనంతట తనే అతుకుతుంది. ఇంకొన్నిటిలో కొసలు పెన్సిల్ ములుకుల్లా సన్నబడి ఉంటాయి. అక్కడ ప్రాణమే లేదు. ఎంత బిగించినా లాభం లేదు, నడుము పక్క ఎముకనుంచి గుజ్జు తెచ్చి పెట్టాలి.

దీనికి మనం చేతులారా చేసుకునేది పొగ. నికోటిన్ రక్తనాళాల్ని ముడిచేస్తుంది. రాడ్డుకు లక్షన్నర పోసినవాడే రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తాడు. ఆరు నెలలకు "ఆపరేషన్ ఫెయిలైంది" అని డాక్టరుతో గొడవ. షుగరు అదుపులో లేకపోయినా ఆలస్యమే.

తిండి విషయంలో మనవాళ్ళ పథ్యాలు తలకిందులుగా ఉంటాయి. "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు పెట్టకండి" అని ఆపరేషనైన మనిషికి చారన్నం పెడతారు. ఎముకలో సున్నం ఎంత ముఖ్యమో, దాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు అంతే ముఖ్యం. పప్పు, గుడ్డు, పాలు, చేప ఇప్పుడే కావాలి. కొల్లాజెన్ అల్లికకు సి విటమిన్ కావాలి కాబట్టి ఉసిరి, జామ మంచివి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం ఉంటుంది. మేక కాళ్ళ పాయా తాగితే మంచిదే, రుచిగానూ ఉంటుంది, కానీ అందులోని కొల్లాజెన్ నేరుగా వెళ్ళి మన ఎముకలో కూర్చోదు, అరిగి ముక్కలై వెళుతుంది. నల్లేరుకు మాత్రం కాస్త బలమైన దావా ఉంది. సంస్కృతంలోనూ హిందీలోనూ దాని పేర్లే ఎముకలతో ముడిపడినవి, జంతువులమీద చేసిన పరీక్షల్లో అనుకూల ఫలితాలొచ్చాయి. నల్లేరు పచ్చడి తినండి, దాన్ని నమ్మి కట్టు మాత్రం మానకండి.

తుంటి

ముసలివాళ్ళు తుంటి విరగ్గొట్టుకుంటే ఇళ్ళల్లో వినిపించే మాట, "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, మంచంమీద ఉంచి చూసుకుందాం." ప్రేమతోనే అంటారు. మంచంమీద పడ్డ మనిషికి నాలుగురోజుల్లో పుండ్లు, వారంలో ఊపిరితిత్తుల్లో కఫం, నెలలో కండ కరిగిపోవడం. ఆపరేషన్ చేసేది ఎముక కోసం కన్నా మనిషిని లేపి కూర్చోబెట్టడం కోసం. వీలైతే 48 గంటల్లోపే చేయమంటారు. అన్నీ చేసినా పలు దేశాల లెక్కల్లో ఏడాదిలోపు ఐదుగురిలో ఒకరు దక్కడం లేదు.

ఇలాంటి తుంటికి ముందు చాలాసార్లు ఓ చిన్న హెచ్చరిక వచ్చి ఉంటుంది. నిలబడిన ఎత్తునుంచి పడి మణికట్టు విరగడమే అది. గట్టి ఎముకైతే ఆ మాత్రానికి విరగదు.

పిన్నికి ఆరు వారాలకు కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, చర్మం పొట్టు లేచి, వేరేవాళ్ళ చెయ్యిలా ఉంది. డాక్టరు ఎక్స్‌రే తర్వాత చూశాడు, ముందు విరిగినచోట బొటనవేలితో నొక్కాడు. నొప్పి లేదంది. అప్పుడు గానీ ఆయన ఫిల్మువైపు తిరగలేదు. కట్టులో ఉన్నన్నాళ్ళూ వేళ్ళు ముడుస్తూ చాపుతూ ఉండమని, భుజం తలపైకి ఎత్తుతూ ఉండమని చెప్పి పంపారు. వేళ్ళు కదిలించింది గానీ భుజం వదిలేసింది. ఫలితంగా మణికట్టుకన్నా భుజమే ఎక్కువ బాధపెట్టింది. వేడినీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టి స్పాంజి పిండటం, చపాతీకర్ర తిప్పడం రెండు నెలలు సాగింది.

ఎముక సాంద్రత పరీక్ష మొదట ఎవరూ రాయలేదు, మేమే అడిగి చేయించాం. ఎముకలు గుల్లబారాయని తేలింది. విటమిన్ డి, వారానికో మాత్ర రాశారు. ఆ మాత్ర పరగడుపునే గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంటసేపు పడుకోకూడదు. పిన్నికి ఆ అరగంట కాఫీ లేకపోవడమే అసలు కష్టం.

బాత్రూం గోడకు స్టీలు పైపు బిగించాం. మొన్న వెళ్ళి చూస్తే దానిమీద తడి తువ్వాలు, రెండు లంగాలు ఆరేసి ఉన్నాయి. "పట్టుకోడానికి చోటేది పిన్నీ?" అంటే, "పడ్డప్పుడు తీస్తాలేరా" అంది.